కలుపు లెక్కకు ఇనుప చట్రం: కొనేముందు టేపు పెట్టండి

వరి పొలంలో పెట్టి, లోపల పడిన కలుపును లెక్కించడానికి కోవూరు వైపు వెల్డింగ్ షాపుల్లో చేసిచ్చే అర మీటరు ఇనుప చట్రం గట్టిదే. కొలత మాత్రం అక్కడే సరిచూసుకోవాలి. 6 మిల్లీమీటర్ల కడ్డీతో బయటివైపు 50 సెంటీమీటర్లు పెడితే లోపల మిగిలేది 48.8. అంటే విస్తీర్ణం దాదాపు 5 శాతం తక్కువ, కలుపూ అంతే తగ్గి కనిపిస్తుంది. లోపలివైపే 50 ఉండాలి, అప్పుడు లోపలి కర్ణాలు రెండూ 70.7 రావాలి, లేదంటే మూలలు వంకర.

అసలు చిక్కు ఆకారంతోనే. నాలుగు వైపులా మూసిన చట్రం పిలకలేసిన వరి మీద దిగదు, దుబ్బులు వంగిపోతాయి. ఒక వైపు తెరిచి చేయించుకుంటే నేల మీదుగా తోసి, ఆ వైపు కర్ర అడ్డం పెట్టొచ్చు. 20 సెంటీమీటర్ల సాళ్లలో నాటిన నెల్లూరు మశూరి వరికైతే 40×62.5 చట్రం మేలు. విస్తీర్ణం అదే, ఎప్పుడూ రెండు సాళ్లే పడతాయి. 50 వెడల్పులో ఒకచోట రెండు, ఇంకోచోట మూడు పడి పైరు, కలుపు నిష్పత్తి గందరగోళమవుతుంది.

గట్టు పక్క వదిలి నాలుగు చోట్ల వేస్తే చదరపు మీటరు లెక్క తేలుతుంది. వరిని పోలిన కలుపు గడ్డి ఊద, లేతగా ఉన్నప్పుడు దాన్ని వరి అనుకోవడం మామూలే: ఆకు కాండాన్ని కలిసేచోట తెల్లటి పొర ఉంటే వరి, లేకపోతే ఊద. మొక్కల సంఖ్యతో సరిపెట్టకండి, వేర్లు కోసేసి ఎండబెట్టి తూకం వేయండి. పిలకలేసిన ఒక్క ఊద దుబ్బు లాక్కునే ఎరువు, వెలుతురు గుప్పెడు తుంగ మొలకలు లాక్కోవు.

ఎర్ర రంగు వేయించడం మరవొద్దు, బురద నీళ్లలో నల్ల కడ్డీ కనబడి చావదు.