పచ్చిక తీసి నాటుగడ్డి: మధురవాడలో మా కాలనీ పార్కు పనిపై సమీక్ష

మా కాలనీ పార్కులోని మెక్సికన్ గడ్డి పచ్చికను తొలగించి నాటుగడ్డి జాతులు వేసే పనిని సంక్షేమ సంఘం ఆనందపురం వైపున్న ఒక నర్సరీకి అప్పగించింది. రెండో వేసవి కూడా దాటింది కాబట్టి, ఇదే ఆలోచనలో ఉన్న ఇతర కాలనీల వారికి ఆ పని తీరు చెప్పడం సబబనిపించింది.

చదరపు మీటరు నేలకు ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. ఎండాకాలంలో పచ్చిక వాడిపోకుండా రోజుకు 5 మిల్లీమీటర్లు పెట్టామంటే, వెయ్యి చదరపు మీటర్ల పార్కు దినానికి 5,000 లీటర్లు, అంటే ఒక ట్యాంకరు నీరు తాగినట్టే. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ జలాశయాల మీద ఆధారపడే విశాఖ నగరంలో, పిల్లలను కాలు పెట్టనివ్వని గడ్డికి ఇంత నీరు పోయడం నాకెప్పుడూ మింగుడుపడలేదు. అమెరికాలో లాస్ వేగాస్ ప్రాంతపు అలంకార పచ్చికకు 2027 నుంచి కొలరాడో నది నీటిని వాడరాదని నెవాడా రాష్ట్రం 2021లోనే చట్టం చేసింది.

నర్సరీ వారు అంతటా ఒకే గడ్డి పరచకుండా నేలను చూసి నాటడం మెచ్చుకోదగినది. వాన నీరు ఎర్రమట్టిని కోసుకుపోయే వాలులో వట్టివేరు వేశారు. దాని వేళ్లు 3 మీటర్ల లోతు వరకు దిగగలవు కనుక ఈ వర్షాలకు గట్టు చెదరలేదు. నడకదారి వెంట గరిక, మిట్ట మీద దర్భ, మధ్యలో తంగేడు పొదలు పెట్టి, పిల్లల ఆటస్థలంలో మాత్రం పాత పచ్చికను కొంత ఉంచారు. వినాయక చవితినాడు గరిక కోసం పక్క వీధుల వారు కూడా రావడం సంఘం లెక్కలో లేని లాభం.

బేరం కుదిరేటప్పుడు వారు చెప్పిన "నాటితే చాలు, నీళ్లే అక్కర్లేదు" అన్న మాట మాత్రం నిజం కాదు. వేరు లోతుకు దిగేదాకా ఏ గడ్డికైనా తడి కావాలి. సంక్రాంతి దాటాక నాటడం వల్ల మొదటి వేసవిలో ట్యాంకర్లు దాదాపు మునుపటిలాగే వచ్చాయి. తొలకరికి నాటి ఉంటే సెప్టెంబరు, అక్టోబరు వానలదాకా ఆకాశమే చూసుకునేది. రెండో వేసవిలో కొత్తగా నాటినవాటిలో తంగేడు మొక్కలకు తప్ప నీరు పెట్టలేదు. ఖాళీల్లో మొలిచిన వయ్యారిభామను పీకడానికి వేరే కూలి అడిగారు. భూమిలోపల పాకే దర్భకు అడ్డుగా ఇటుకలు పాతడం మేము అడిగాకే జరిగింది.

కనుక జూన్‌లో నాటడం, ఏడాదిపాటు కలుపు తీయడం, ఇటుకల అడ్డు అనే మూడింటినీ ముందే ఒప్పందంలో రాయించుకోండి. ఏప్రిల్‌లో గడ్డి ఎండి గోధుమరంగుకు తిరిగితే చచ్చిందని ఫిర్యాదులు వస్తాయి. అది వానలకు మళ్లీ చిగురిస్తుంది. అయితే ఎండుగడ్డికి బీడీ నిప్పు చాలు కాబట్టి, మార్చిలోనే జానెడు ఎత్తుకు కోయించే ఏర్పాటు సంఘమే చేసుకోవాలి. నర్సరీ వారి ధరలో అది కలవదు.