బొమ్మల సెలూన్‌కి అద్దాల గోడలు: కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నాను: బొమ్మరింటి గదికి అద్దాల గోడలు పెట్టాలనుకుంటే పక్క గోడలకు పెట్టండి, వెనక గోడ జోలికి పోవద్దు. నా బొమ్మరిల్లు 1:12 కొలతలో ఉంది, అంటే అసలు ఇంట్లో అడుగు ఇక్కడ అంగుళం. కింది అంతస్తులో వీధి వైపు గది సెలూన్. పది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల లోతు, పది అంగుళాల ఎత్తు. పెట్టె అంతా 6 ఎం.ఎం. ఎండీఎఫ్, అంటే కర్రపొట్టును జిగురుతో నొక్కి చేసే పలక. ఎడమ, కుడి గోడలు రెండూ నిలువెత్తు అద్దాలు, గాజువి కావు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ షీటువి. మన ఊళ్లలో సెలూన్ కుర్చీలో కూర్చుంటే ముందొక అద్దం, వెనకొక అద్దం, వాటిలో మన తలకాయ వరసగా చిన్నదైపోతూ ఎక్కడికో వెళ్లిపోతుంది కదా, అది బొమ్మల గదిలో రావాలని నా పట్టు. వచ్చింది. వచ్చినదాన్ని నిలబెట్టుకోవడానికి మాత్రం ఏటా ఏదో ఒక పని పెడుతూనే ఉంది.

వెనక గోడ ఎందుకు వద్దంటే, షీటు అతికించకముందు ఊరికే ఆనించి చూశాను. గదిలో ఏముందో తర్వాత సంగతి, ముందు నా మొహం కనిపించింది. అరచేతిలో పట్టే కుర్చీల మధ్య అంత పెద్ద మొహం చూశాక ఇది గది అనే భ్రమ ఇంకేం మిగులుతుంది? ఫోటో తీద్దామంటే ఫోనూ, పట్టుకున్న వేళ్లూ. వెనక అద్దానికి తోడు పక్క అద్దం కూడా ఉంటే ఇంకా ఘోరం. అవి రెండూ కలిసే మూల, సరిగ్గా తొంభై డిగ్రీలైతే, మీరు ఏ పక్కకు జరిగినా మీ మొహాన్ని మీకే తిప్పి పంపిస్తుంది. అద్దం పై అంచును కాస్త ముందుకు వంచి కూడా చూశాను. మొహం పోయి చొక్కా గుండీలు కనపడ్డాయి, అంతే తేడా.

పక్క గోడలతో ఈ గొడవ లేదు. ముందు నుంచి లోపలికి పోయే చూపును పక్క అద్దం కుడి ఎడమలకు తిప్పుతుందే గాని వెనక్కి తిప్పదు. ఎన్నిసార్లు తగిలినా ఆ చూపు చివరికి వెనక గోడ మీదే పడుతుంది. అందుకని మీరెక్కడ నిలబడి చూసినా మీరు కనిపించరు, సెలూనే అటూ ఇటూ సాగి పెద్ద హాలులా కనిపిస్తుంది.

అలా కనిపించాలంటే దగ్గరికి రావాలి. ఇది ఎవరూ చెప్పరు. మూడడుగుల దూరంలో ఎదురుగా నిలబడితే అద్దంలో కనిపించేది వెనక గోడ తాలూకు రెండంగుళాలు కూడా ఉండదు. "ఏదీ, అద్దాలు పెట్టావన్నావు?" అని అడిగినవాళ్లున్నారు. మొహం గది దాకా తెచ్చి, ఒక అంచు నుంచి ఏటవాలుగా చూస్తే అప్పుడు తెరుచుకుంటుంది. కాబట్టి బొమ్మరిల్లు బల్ల మీద కాకుండా కంటి ఎత్తులో ఉండే అలమరలో పెట్టుకోవాలి, ముందు మనిషి వంగడానికి చోటుండాలి. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో థార్న్ మినియేచర్ గదులని 68 ఉన్నాయి, చాలా మటుకు ఇదే కొలతలో, 1932 నుంచి 1940 మధ్య చేయించినవి. వాటిని గోడలో బిగించిన గాజు కిటికీల్లోంచి చూడాలి. కన్ను ఎక్కడుండాలో ముందే తేల్చి గది కట్టడమంటే అదీ. మనకంత సౌకర్యం లేదు, పిల్లలు తల లోపల పెట్టేస్తారు.

నేను చేసిన వాటిలో డబ్బుకు తగ్గ ఆనందం ఇచ్చింది ఒక చిన్న కన్నం. అసలైన సెలూన్ వరస, ఆ అంతులేని వరస, ముందు నుంచి ఎంత దగ్గరగా చూసినా రాదు. కన్ను రెండు అద్దాల మధ్యలో ఉండాలి. ఎడమ గోడ ఎండీఎఫ్‌కి 8 ఎం.ఎం. డ్రిల్ బిట్‌తో కన్నం వేసి, దాని వెనక వచ్చే చోట అద్దం వీపు మీది రంగును బ్లేడుతో గీకేశాను. యాక్రిలిక్ అద్దానికి వెనక వైపు సన్నటి అల్యూమినియం పూత, దాని మీద రంగు ఉంటాయి. రెండూ గీకితే మిగిలేది మామూలు పారదర్శకమైన షీటు. లోపలి వైపు ఆ చుక్క చుట్టూ ఒక గోడ గడియారం చట్రం అతికించాను, ముళ్లు లేని గడియారం. బయటి నుంచి అక్కడ కన్ను ఆనిస్తే కుర్చీలు, వాటి వెనక కుర్చీలు, వాటి వెనక మళ్లీ. మా అన్నయ్య కొడుకు లెక్కపెట్టడం మొదలెట్టి, కొంత దూరం పోయాక "బాబాయ్, అక్కడ లైటు లేదు" అన్నాడు. నిజమే. ఈ షీటు తన మీద పడ్డ వెలుగులో నూటికి ఎనభై అయిదు పాళ్ల దాకా తిప్పి పంపుతుంది. అంటే నాలుగుసార్లు తగిలేసరికి సగం, పదిసార్లకు అయిదో వంతు. ఆ తర్వాతి కుర్చీలు ఉన్నట్టే ఉండి మసకలో కలిసిపోతాయి.

కన్నంలోంచి చూసేటప్పుడు ఇంకో తిప్పలుంది. గది ముందు వైపు తెరిచే ఉంటుంది కాబట్టి మా హాల్లో సోఫా, టీవీ కూడా వరస కడతాయి. దానికి ముడతల అట్టతో షట్టర్ చేశాను. సెలూన్‌కి షట్టర్ ఎలాగూ ఉండాలి కదా. అది దించి లోపల లైటు వేస్తేనే పూర్తి మజా.

అద్దాల గోడ పెట్టిన రోజు నుంచి గదిలో ప్రతి వస్తువుకూ వీపు పుట్టుకొస్తుంది. కన్నంలో మొదట కుర్చీ ముందు భాగం, తర్వాత దాని వెనక భాగం, మళ్లీ ముందు, మళ్లీ వెనక. కుర్చీల వీపులకు రెగ్జిన్ వేయక తప్పలేదు, అరల అడుగున కూడా రంగు వేయాల్సి వచ్చింది. పౌడరు డబ్బా చేసిన కాగితం అతుకు ఎటు తిప్పినా ఏదో ఒక అద్దంలో పడుతుంది. ఈ పరీక్షలో పూర్తి మార్కులు కొండపల్లి బొమ్మకే. తెల్ల పొణికి కర్రతో చేసిన నా దగ్గరి మనిషి బొమ్మకు పంచె కుచ్చిళ్ల నుంచి వీపు మీది కండువా దాకా చుట్టూ పనితనం ఉంది. అచ్చులో పోసి ముందు మాత్రమే రంగులేసిన ప్లాస్టర్ బొమ్మలు ఇక్కడ ఒక్క పూట కూడా నిలవలేదు, పై అంతస్తుకు పోయాయి. వెనక గోడకు "అప్పు రేపు" అని చిన్న బోర్డు తగిలించాను. ముందు నుంచి ఏటవాలుగా చూస్తే పక్క గదిలో అక్షరాలు తిరగబడి ఉంటాయి, దాని పక్క గదిలో మళ్లీ సరిగ్గా చదవొచ్చు. వచ్చినవాళ్లందరూ నవ్వేది దీనికే.

సరుకు సంగతి. మూడు రకాలూ నా బొమ్మరింట్లో వాడాను. అతికించే అద్దం ఫిల్మ్ గోడకు పనికిరాదు. అడుగున అట్ట మీద ఇసుక రేణువంత గుల్ల ఉన్నా పైన కనపడిపోతుంది, కుర్చీ కాళ్లు పాముల్లా వంకర తిరుగుతాయి. చేతి అద్దానికో, డ్రెస్సింగ్ టేబుల్‌కో చాలు. గాజు అద్దం ప్రతిబింబం తిరుగులేనిది, గీతలు పడదు. ఫోటో ఫ్రేముల షాపులో కొలత ఇస్తే కోసి ఇస్తారు. కానీ బరువు, పిల్లలతో భయం, పైగా ఎదురెదురుగా పెడితే లోపలికి పోయేకొద్దీ పచ్చబడుతుంది, గాజులో ఉండే ఇనుము వల్ల. యాక్రిలిక్‌లో ఆ పచ్చదనం లేదు, పడినా గుచ్చుకునే పెంకులు కావు, యాక్రిలిక్ కట్టర్‌తో గీటు పెట్టి విరిచేయొచ్చు. నేమ్ బోర్డులు, షీల్డులు చేసే షాపుల్లో మిగిలిన ముక్కలు అడిగి చూడండి. బొమ్మరింటికి పూర్తి షీటు ఎందుకూ?

మందం విషయంలో ఒకటి పొందితే ఒకటి పోతుంది. 2 ఎం.ఎం. షీటు వంగుతుంది, 3 ఎం.ఎం. నిటారుగా ఉంటుంది. కానీ ఏ అద్దానికైనా పూత వెనక ఉంటుంది కాబట్టి, అద్దానికి ఆనుకున్న వస్తువుకూ దాని ప్రతిబింబానికీ మధ్య సందు కనిపిస్తుంది. 3 ఎం.ఎం. షీటులో ఆ సందు సుమారు 4 ఎం.ఎం., బొమ్మల కొలతలో దాదాపు రెండంగుళాలు. కౌంటరు బల్ల గాల్లో తేలినట్టుంటుంది. బల్ల వెనక అంచుకు ముదురు గోధుమరంగు బీడింగు కొడితే కన్ను దాన్ని చట్రమనుకుని సర్దుకుపోతుంది. అందుకే నా ఓటు 3 ఎం.ఎం.కే.

రెండు గోడలూ సమాంతరంగా ఉండాలి, ఇక్కడ రాజీ లేదు. ఒక్క డిగ్రీ తేడా ఉన్నా రెండేసి ప్రతిబింబాలకు రెండు డిగ్రీల చొప్పున వంకర పెరుగుతూ పోతుంది, కుర్చీల వరస మూల మలుపు తిరిగిపోతుంది. మొదట్లో నాకు తిన్నగానే ఉండేది. ఒక వానాకాలంలో కుడి గోడ కింది అంచు చెమ్మకు కాస్త ఉబ్బి, వరస కిందికి దిగడం మొదలెట్టింది. అద్దం వెనక విజిటింగ్ కార్డు ముక్కలు దోపి సరిచేశాను. మళ్లీ కట్టేదుంటే ఎండీఎఫ్ బదులు మంచి ప్లైవుడ్ వాడతాను. ఏదైనా సరే, కోసిన అంచులకు ముందే వార్నిష్ పట్టించాలి.

అతికించడానికి నేను నమ్మింది ఫోమ్ ఉన్న డబుల్ సైడ్ టేపునే. క్షణాల్లో పట్టేసే సూపర్ గ్లూ ఆవిరి షీటు మీద తెల్లటి పొర కడుతుంది. ఘాటు వాసన వేసే రబ్బరు గమ్ వెనక రంగును తినేస్తుంది. సిలికాన్ వాడితే వెనిగర్ వాసన రాని రకం అడిగి తీసుకోండి. టేపైనా, గమ్మయినా పైనా పక్కనా ఒక మిల్లీమీటరు ఖాళీ వదలండి. అడుగు పొడవు యాక్రిలిక్ ఇరవై డిగ్రీల వేడి తేడాకు దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. మన ఎండాకాలానికి అది మామూలే. సందు లేకుండా బిగిస్తే మధ్యలో పొట్ట వస్తుంది.

లైటు కోసం సీలింగుకు 5 వోల్టుల తెల్ల ఎల్ఈడీ పట్టీ పెట్టాను, వైరు పైకప్పు మీదుగా బయటికి. అద్దాల్లో అది ట్యూబ్‌లైట్ల వరసైపోతుంది, చిన్న పట్టీ చాలు. పెద్దది పెడితే కళ్లు చెదురుతాయి. పవర్ బ్యాంకుతో చాలా చిరాకు పడ్డాను, ఇంత తక్కువ కరెంటు లాగుతుంటే ఏమీ తగిలించలేదనుకుని అదే ఆగిపోతుంది. ఫోను ఛార్జరుకు మార్చాక ఆ టెన్షన్ లేదు.

ఇక రోజువారీ బాధ దుమ్ము. యాక్రిలిక్‌ను పొడిబట్టతో రుద్దితే ఉన్న దుమ్ము పోకపోగా కొత్తది వచ్చి అంటుకుంటుంది. మెత్తటి బట్టను నీళ్లలో ముంచి పిండి, చుక్క షాంపూ వేసి, పై నుంచి కిందికి తుడవాలి. ముందు మెత్తటి బ్రష్‌తో దులపాలి, లేకపోతే ఆ దుమ్మే గీతలు పెడుతుంది. గాజు తుడిచే స్ప్రేల్లో అమ్మోనియా ఉంటే వద్దు, స్పిరిట్, థిన్నర్ అసలే వద్దు, షీటు సన్నగా బీటలు వారుతుంది. అంచులు నల్లబడుతున్నాయని నెయిల్ పాలిష్ పూయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దానిలోనూ అలాంటి ద్రావకమే ఉంటుంది. దసరాకు బొమ్మల కొలువులో ఈ ఇల్లే పెద్దపీట. ఆ తొమ్మిది రోజుల సాంబ్రాణి పొగకు అద్దాల మీద పట్టే జిడ్డు పండగ అయిన వెంటనే తీయాలి. దీపావళి దాకా ఆగితే గట్టిపడుతుంది.

ఇప్పటి పరిస్థితి చెప్పాలంటే, కుడి గోడ అద్దం దాదాపు కొత్తదిలాగే ఉంది. పిల్లల వేళ్లు ఎక్కువ తగిలేది ఎడమ గోడకు. లైటు వేసినప్పుడు దాని మీద వెంట్రుకల్లాంటి గీతలు మెరుస్తున్నాయి, కింది అంచున పూత రెండు మూడు మిల్లీమీటర్లు నల్లబడింది. నల్లబడటం నాకు నచ్చింది. ఏ ఊరి పాత సెలూన్ అద్దానికి మచ్చల్లేవు? గీతలు మాత్రం వరసలో ఒకదాని మీద ఒకటి పడి మసక తెస్తున్నాయి, కన్నంలోంచి చూస్తే ఆరో కుర్చీ దగ్గరే అంతా పాలిపోతోంది. ఈ వానాకాలం వెళ్లాక ఎడమ షీటు ఒక్కటీ మారుస్తాను, టేపు కింద దారం లాగితే ఊడొస్తుంది. పాతదాన్ని కోసి పై అంతస్తు పడకగదిలో బీరువా తలుపుకు పెడతాను, అక్కడ ఎదురు అద్దం లేదు కాబట్టి ఆ గీతలు పట్టించుకునేవాళ్లుండరు.