బ్రిక్సా, ఇబ్సానా? ఒంగోలు నుంచి చూస్తే ఏది మేలు?

ఒంగోలు వేలం కేంద్రంలో పొగాకు రేటు తగ్గితే రైతులు ఆరా తీసేది మనకు పోటీ అయిన బ్రెజిల్ పంట గురించే. ఢిల్లీకి మాత్రం అదే బ్రెజిల్ దగ్గరి నేస్తం. ఆ దేశంతో, దక్షిణాఫ్రికాతో కలిసి మనం 2003లో ఇబ్సా అనే కూటమి పెట్టుకున్నాం. రష్యా, చైనాలు కూడా ఉన్న బ్రిక్స్‌లోనూ ముగ్గురం ఉన్నాం. వర్ధమాన దేశాలకు పెద్దదిక్కు కావాలనుకుంటున్న మనకు ఏది ఎక్కువ పనికొస్తుంది?

మనసులు కలవడం చూస్తే ఇబ్సానే. మూడూ ప్రజాస్వామ్యాలు, మూడింటికీ భద్రతామండలిలో శాశ్వత స్థానం కావాలి. బ్రిక్స్‌లో ఆ ఊసెత్తితే, ఇప్పటికే ఆ కుర్చీలో ఉన్న చైనా మెత్తటి మాటలతో సరిపెడుతుంది. కాకపోతే ఇబ్సాలో ఊపు లేదు. 2011 ప్రిటోరియా సదస్సు తర్వాత చాలా ఏళ్లు శిఖరాగ్ర సమావేశమే జరగలేదు.

డబ్బు దగ్గరకొస్తే పోలికే లేదు. ఇబ్సా నిధికి ఒక్కో దేశం ఇచ్చేది ఏడాదికి 10 లక్షల డాలర్లు. గినియా-బిసావులో సాగుకు, హైతీలో చెత్త సేకరణకు దాన్ని చక్కగా వాడారు, కాదనను. బ్రిక్స్ బ్యాంకులో (న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకులో) మాత్రం అయిదు వ్యవస్థాపక దేశాలూ తలా 1,000 కోట్ల డాలర్ల వాటా రాసుకున్నాయి. ఆఫీసు షాంఘైలో ఉన్నా చైనాకు ఎక్కువ ఓట్లు లేవు, వీటో అసలే లేదు. మన రాష్ట్రంలో రోడ్లు, వంతెనలకూ ఆ బ్యాంకు అప్పు మంజూరు చేసింది. నా ఓటు బ్రిక్స్‌కే, అదీ ఈ బ్యాంకును చూసే.

వ్యాపారం సంగతి వేరు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు ఇప్పటికీ ముడిరాయిగానే చైనాకు ఓడెక్కుతున్నాయి. కోత, పాలిష్ మీద వచ్చే లాభం అక్కడివాళ్లదే. ఒకే కూటమిలో ఉన్నామని ఈ లెక్క మారలేదు.

నెల్లూరు రొయ్యల రైతుకైతే రెండూ ఆదుకోలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నామని వేసిందే. చమురు కొనాలా వద్దా అన్నది ఢిల్లీ చూసుకుంటుంది, కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర) మాత్రం ముత్తుకూరు చెరువుగట్టు మీద పడిపోతుంది. అప్పట్లో మన పోటీదారు ఈక్వెడార్‌కు పడింది 15 శాతమే. అదీ వర్ధమాన దేశమే, కానీ ఈ రెండు కూటముల్లోనూ లేదు.