వేడినీళ్లు తెచ్చిన యజమాని: పాపికొండలు, మారేడుమిల్లి యాత్ర

"గిరిజనుల భాగస్వామ్యంతో నడిచే అటవీ బస" అన్న ఒక్క మాటను నమ్మి, జనవరి రెండో వారంలో మారేడుమిల్లిలో ఒక రాత్రికి రెండు గదులకు 9,600 రూపాయలు, తిరిగి ఇస్తామన్న ధరావతు మరో 2,000 రూపాయలు ముందుగానే చెల్లించాము. ఆ భాగస్వామి ఎవరో, ఆయనకు దక్కుతున్నది ఎంతో మాకు మరునాటి తెల్లవారుజామున గాని తెలియలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ప్రధానంగా అదే.

బయలుదేరినది నలుగురం: నేను, మావారు, ఆయన అక్కగారు అంటే మా వదిన, పన్నెండేళ్ల మా అబ్బాయి. మావారికి గోదావరి మీద పడవ ప్రయాణం కావాలి, అబ్బాయికి పులి కావాలి, వదినకు ఎవరూ వంట చేయమనని నాలుగు రోజులు కావాలి. రాజమహేంద్రవరం దాకా రైలు ప్రయాణమూ, అక్కడి హోటలులో మొదటి రాత్రీ చెప్పుకోదగ్గ ఇబ్బంది లేకుండా గడిచాయి.

మరునాడు గండిపోచమ్మ గుడి దగ్గర పడవ ఎక్కాము. టిక్కెట్టు మనిషికి 1,250 రూపాయలు. ఉదయం ఉప్మా, మధ్యాహ్నం శాకాహార భోజనం అందులోనే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన విషాదం అందరికీ గుర్తుంది కాబట్టి, లైఫ్ జాకెట్ వేసుకోని వారిని మా పడవ సిబ్బంది కూర్చోనివ్వలేదు. వారి సేవలో నాకు నచ్చినది ఆ ఒక్క పట్టుదలే. మిగిలినదంతా మైకు. నది సన్నబడి, రెండు వైపులా కొండలు పాపిడి తీసినట్టు విడిపోయే చోట కూడా, పాపికొండలు అన్న పేరు ఎందుకు వచ్చిందో కళ్లతో చూస్తున్న ఆ క్షణంలో కూడా, పాటల హోరు ఆగలేదు.

పేరంటపల్లిలో పడవ అరగంట ఆగింది. శివాలయానికి వెళ్లే దారి పక్కన కొండరెడ్లు అనే గిరిజన తెగ మహిళలు వెదురును సన్నగా చీరి చేసిన పూలగుత్తులు అమ్ముతున్నారు, ఒక్కొక్కటి 50 రూపాయలు. మాతో వచ్చిన ఒక పెద్దమనిషి వాటిని 30కి బేరమాడి, గెలిచిన ఆనందంతో పడవ ఎక్కాడు. వదిన నాలుగు కొని 200 రూపాయలు ఇచ్చింది గాని, ఆ తరువాత చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. వాళ్ల కొండలను చూపించి పడవవారు మనిషి దగ్గర 1,250 తీసుకుంటే, ఆ కొండల్లో ఉండేవారికి వచ్చేది ఆ అరగంటలో అమ్ముడుపోయినంతే కదా అని ఆమె లెక్క. సాయంత్రం దాకా మా మధ్య అదే చర్చ నడిచింది.

ఆ లెక్క వెనుక చట్టం కూడా ఉంది. పాపికొండలు 1978లో అభయారణ్యంగా, 2008లో వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణంతో జాతీయ ఉద్యానవనంగా మారాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో కొన్ని హక్కులను కొనసాగనివ్వవచ్చును గాని, జాతీయ ఉద్యానవనంలో కట్టుబాట్లు మరింత కఠినం; అక్కడ పశువులను మేపడం కుదరదు, అడవి నరికి పోడు సాగు చేయడం అంతకన్నా కుదరదు. అడవి మీద ఆధారపడి బతికిన వారికి ఆ అడవే అందకుండా పోయిన చోట, దానిని చూడడానికి వచ్చే మనలాంటి వారి డబ్బులో వారికి వాటా ఉండాలని కోరడం దయాధర్మం కాదు. అందుకే మా తరువాతి మజిలీలో ఆ "భాగస్వామ్యం" అన్న మాట చూడగానే, ధర ఎక్కువైనా సరే అనుకున్నాము.

రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లికి దాదాపు 85 కిలోమీటర్లు. రానూ పోనూ కారుకు 6,500 రూపాయలు మాట్లాడుకున్నాము. రంపచోడవరం దాటిన తరువాత రోడ్డుకు రెండు వైపులా అడవి చిక్కబడుతూ వచ్చింది. మేము చేరేసరికి మధ్యాహ్నం మూడు.

ఇక ఆ బస సంగతి. ముఖద్వారం మీద ఒక గిరిజనుని పేరుతో పెద్ద బోర్డు, దాని కింద విల్లంబుల బొమ్మ. లోపల సిమెంటు గదులకు వెదురు రంగు పూసి, గణుపులు కూడా గీశారు. గీజరు పనిచేయదు. దుప్పట్లలో ముందు వచ్చినవారి అగరుబత్తి వాసన ఇంకా ఉంది. చలిమంటకు 800 రూపాయలు వేరుగా అడిగారు, అది ముందు చెప్పలేదు. రాత్రి ఒంటిగంట దాకా పక్క గదులవారి కోసం పెట్టిన పాటలకు కిటికీ అద్దాలు అదిరాయి. ఆపించమని అడగడానికి వెళ్లిన మావారితో మేనేజరు, అడవికి వచ్చేది సరదా కోసమే కదా సార్ అన్నాడు. ఆయన అంత కోపంగా ఉండగా నేను చూడడం పెళ్లయిన తరువాత అది మూడోసారి.

అన్నిటికన్నా పెద్ద అవమానం బొంగులో చికెన్. ఉప్పూ కారమూ మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి అడ్డాకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి. నూనె చుక్క పడదు, బొంగులోని తేమతోనే ఉడుకుతుంది. మాకు తెచ్చిన బొంగు బయట బొగ్గులా నల్లగానూ, లోపల ఎండిపోయి పగుళ్లతోనూ ఉంది. ముక్కలు నూనెలో తేలుతున్నాయి. వదిన వంటింటి వైపు ఒక చుట్టు తిరిగి వచ్చి, గ్యాసు పొయ్యి మీద వండిన కూరను పాత బొంగులో పోసి తెస్తున్నారని తేల్చింది. వెల 650 రూపాయలు. మరునాడు రోడ్డు పక్క ఒక జంట మా కళ్లముందే కొత్త బొంగు నరికి, ముప్పావుగంట కాల్చి, 300 రూపాయలకు ఇచ్చిన దానిని తిన్న తరువాత గాని మా అబ్బాయికి ఆ వంటకం మీద నమ్మకం తిరిగి రాలేదు.

తెల్లవారుజామున అయిదున్నరకు ఒక పెద్దాయన రెండు బకెట్లతో వేడినీళ్లు మోసుకొచ్చాడు. ఈ వయసులో మీరెందుకు మోస్తున్నారని వదిన అడిగి, మాటల్లో పేరు కనుక్కుంది. అది బోర్డు మీద ఉన్న పేరే.

"స్థలం నాదేనమ్మా. కాగితాల్లో ఈ ఇళ్లన్నీ నావే. నెలకు తొమ్మిది వేలు ఇస్తారు, రాత్రి కాపలా, పొద్దున నీళ్లు," అన్నాడు. ఫిర్యాదులా కాదు, ఏ ఊరి నుంచి వచ్చారని అడిగితే చెప్పినట్టే చెప్పాడు.

ఏజెన్సీలో, అంటే గిరిజనుల కోసం ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతంలో, గిరిజనేతరులు భూమి కొనడాన్ని 1970 నాటి భూ బదలాయింపు నిబంధన, వాడుకలో 1/70 చట్టం, నిషేధించింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు సంస్థలకు భూమిని లీజుకు ఇవ్వడం కూడా చెల్లదని 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక మైదాన ప్రాంతపు పెట్టుబడికి ఇక్కడ ఒక గిరిజనుని పేరు కావాలి. ఆ పేరుకు అద్దె లేదు, లాభంలో వాటా లేదు, చివరకు కుర్చీ కూడా లేదు. మేము వచ్చిన సాయంత్రం ఆయన ద్వారం దగ్గర రాతి మీద కూర్చుని ఉండడం అప్పుడు గుర్తుకొచ్చింది. మేము చెల్లించిన 9,600 రూపాయలు ఆయన నెల జీతం కన్నా ఎక్కువ. రసీదు అడిగితే ఇవ్వలేదు. ధరావతు 2,000 రూపాయలు ఇప్పటికీ తిరిగి రాలేదు.

రెండో రాత్రి కూడా అక్కడే ఉండాలనుకున్నవాళ్లం ఎనిమిదింటికే గదులు ఖాళీ చేసి, దగ్గరలో ఒక గ్రామపు వన సంరక్షణ సమితి వాగు ఒడ్డున నడుపుతున్న గుడారాల శిబిరానికి మారాము. ఈ సమితులు కొత్తవేమీ కావు. గ్రామస్థులతో కలసి అడవిని కాపాడే పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1992లో మొదలుపెట్టింది. 2002 నుంచి ప్రపంచ బ్యాంకు రుణంతో సామాజిక అటవీ యాజమాన్యం పేరిట దానిని విస్తరించారు. ఆ క్రమంలో మారేడుమిల్లి చుట్టుపక్కల కొన్ని సమితులు పర్యాటకంలోకి వచ్చాయి.

ఇద్దరు పడుకునే గుడారం 1,500 రూపాయలు, భోజనం మనిషికి 250, సగం రోజు నడకకు గైడు 400. ప్రతి దానికీ వరుస సంఖ్య ఉన్న రసీదు ఇచ్చారు. లోపాలూ చెబుతాను: పరుపు చాప కన్నా కొంచెం మేలు, రాత్రి పది తరువాత కరెంటు లేదు, స్నానాల గదులు ఉమ్మడివి, జలుబు చేసే తత్వం ఉన్నవారు జనవరిలో గుడారం జోలికి పోకపోవడం మంచిది. అయినా ఆ రాత్రి వాగు చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు, మావారి గురక మినహా.

గైడు ఇరవై అయిదేళ్ల కొండరెడ్డి యువకుడు. పులి కనిపిస్తుందా అని అబ్బాయి అడిగితే, "అడవిలో ఉంది, మనకు కనబడదు, కనబడకపోవడమే మంచిది," అన్నాడు. అబ్బాయి ముఖం వాడిపోయింది గాని, పెద్ద మలబారు ఉడుత చెట్టు చివర కట్టుకున్న గూడును చూపించి, అది ఒకే చోట కాక కొన్ని గూళ్లు కట్టుకుంటుందని చెప్పేసరికి మళ్లీ దారిలో పడ్డాడు. అగరుబత్తుల తయారీకి పోయే నరమామిడి చెక్క, విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగ, కల్లు తీసే జీలుగు చెట్టు, ఇలా మూడున్నర గంటల్లో అతను చూపించినవన్నీ అతని ఇంటి పనికి సంబంధించినవే. పుస్తకం చదివి వచ్చిన గైడు దగ్గర ఇది దొరకదు.

400 రూపాయలలో 300 అతనివి, 100 సమితి నిధికి. వేసవిలో మంటలు వ్యాపించకుండా అడవిలో ఎండుగడ్డి, ఆకులు తీసి ఖాళీ బాటలు వేసే కూలి ఆ నిధి నుంచే ఇస్తారట. అయితే నిధి నుంచి డబ్బు తీయడానికి పైవారి సంతకం కావాలి, ఒక్కోసారి దానికి మూడు నెలలు పడుతుంది అని కూడా అతనే చెప్పాడు. భాగస్వామ్యం అంటే చేసిన పనికి కూలి మాత్రమే కాదు, డబ్బు పెట్టె తాళంలో కూడా భాగం ఉండాలని నా అభిప్రాయం. ఆ లెక్కన ఈ సమితి కూడా సగం దారిలోనే ఉంది.

ఆరేళ్ల క్రితం కేరళలోని పులుల అభయారణ్యం పెరియార్‌లో మేము చేసిన నడక దీనితో పోల్చదగినది. 1996లో మొదలైన పర్యావరణ అభివృద్ధి పథకం కింద అక్కడ గ్రామ కమిటీలు ఏర్పడ్డాయి. అడవిలో దొంగచాటుగా దాల్చిన జాతి చెట్ల బెరడు వలిచేవారే గైడులుగా, కాపలాదారులుగా మారారు. వసంత సేన పేరుతో మహిళలు స్వచ్ఛందంగా గస్తీ తిరుగుతారు. ఏర్పాట్లలో పెరియార్ మనకన్నా చాలా ముందుంది, గుడారాల పరుపులు కూడా మెత్తన. కానీ అక్కడ నడక పూర్తయ్యాక ఎవరూ మమ్మల్ని తమ ఇంటికి టీకి పిలవలేదు. ఇక్కడ గైడు వాళ్లమ్మ పిలిచింది, వదిన అక్కడే 350 రూపాయల తేనె కొన్నది.

వెళ్లదలచినవారు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. వరదల కాలంలో పడవలు ఆగిపోతాయి. గది మాట్లాడుకునే ముందు, రసీదు ఎవరి పేరున ఇస్తారని ఫోనులోనే అడగండి. నగదు దగ్గర ఉంచుకోండి, శిబిరంలో ఫోను సిగ్నలు రాదు. అన్నట్టు, రాత్రి భోజనానికి కోడి కావాలంటే మధ్యాహ్నం పన్నెండులోగా వంటవారికి చెప్పాలి, ఆ సంగతి వారంతట వారు చెప్పరు. మేము మూడింటికి చెప్పి పప్పుచారుతో, వేయించిన ఒడియాలతో సరిపెట్టుకున్నాము. వదిన రెండుసార్లు వడ్డించుకుంది. మావారు మాత్రం ఇప్పటికీ ఆ మాట ఎత్తుతూనే ఉన్నారు.