పరమాణు నమూనా కిట్: హైడ్రోజన్‌కు భేష్, క్లోరిన్‌కు చాలదు

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి ఐసోటోపుల (ఒకే మూలకానివే అయినా బరువులో తేడా ఉండే పరమాణువుల) పాఠం కోసం కోఠిలోని ఒక సైన్సు పరికరాల దుకాణంలో 1,200 రూపాయలకు ఈ కిట్ కొన్నాను. ఇందులో ప్రోటాన్లకు 20 ఎర్ర పూసలు, న్యూట్రాన్లకు 20 బూడిదరంగు పూసలు, ఎలక్ట్రాన్లకు చిన్న నీలి పూసలు, కేంద్రకంగా వాడే గిన్నె, ఒక చిన్న డిజిటల్ త్రాసు, పుస్తిక ఉన్నాయి.

ఎర్ర పూసనూ బూడిద పూసనూ సమాన బరువుతో తయారుచేయడం ఈ కిట్‌లో అన్నిటికన్నా మెచ్చుకోదగిన సంగతి. గిన్నె బరువు తీసేసి, ఒక ఎర్ర పూస వేస్తే అది సాధారణ హైడ్రోజన్. దానికి ఒక బూడిద పూస చేర్చగానే త్రాసు మీది అంకె రెట్టింపవుతుంది గానీ, ఎర్ర పూస ఒక్కటే కాబట్టి మూలకం మారదు, అది డ్యుటీరియం అవుతుంది. మూలకమేదో తేల్చేది ప్రోటాన్లనీ, ఒకే మూలకపు పరమాణువుల బరువుల్లో తేడా తెచ్చేది న్యూట్రాన్లనీ ఇంతకన్నా సూటిగా చూపడం కష్టం. మన మణుగూరులో తయారయ్యే భారజలంలో ఉండేది ఈ డ్యుటీరియమే. పుస్తికలో ఆ ముక్క కూడా రాసి ఉండవలసింది.

నీలి పూసల విషయంలో మాత్రం తయారీదారులు శ్రద్ధ పెట్టలేదు. ప్రోటాన్ ద్రవ్యరాశిలో ఎలక్ట్రాన్‌ది సుమారు 1836వ వంతు కాగా, ఇక్కడ నీలి పూస ఎర్ర పూసలో మూడో వంతు తూగుతోంది. దాంతో ఆరు నీలి పూసలతో కలిపి తూచిన కార్బన్-12 (పక్కనున్న అంకె ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం), అవి లేకుండా తూచిన కార్బన్-14 కేంద్రకంతో సరిసమానమైపోతుంది. వాటిని త్రాసు ఎక్కించకపోవడమే మంచిది.

అంతకన్నా పెద్ద లోపం పుస్తికలోని ‘ఒక క్లోరిన్ పరమాణువు ద్రవ్యరాశి 35.5’ అనే వాక్యం. అంత ద్రవ్యరాశి గల క్లోరిన్ పరమాణువు ఒక్కటీ ఉండదు. ప్రకృతిలో సుమారు 76 శాతం క్లోరిన్-35, 24 శాతం క్లోరిన్-37 కలిసి ఉండడం వల్ల వచ్చే సగటు అది. మూడు క్లోరిన్-35లు, ఒక క్లోరిన్-37 పక్కపక్కన పెట్టి తూచి, నాలుగుతో భాగిస్తే విద్యార్థికి ఆ సగటు తేటతెల్లమవుతుంది; కానీ అందుకు 68 ఎర్ర పూసలు, 74 బూడిద పూసలు కావాలి.

పాఠశాల ప్రయోగశాలకు కొనేవారు నాలుగు పెట్టెలు తీసుకుంటే ఈ ప్రయోగం సాధ్యమవుతుంది. ఇంట్లో నియాన్-20, నియాన్-22ల వరకు చూపాలంటే ఒక పెట్టె చాలు, ధరకు తగిన వస్తువే.