చదువుకున్న ఊరికి కానుక: మలై కాజానా, ఉదయగిరి గరిటెలా?

పరాయి దేశంలో చదువుకునే రోజుల్లో గది ఇచ్చి, జ్వరమొస్తే సూపు కాచిచ్చిన ఇంటావిడను మళ్లీ చూడబోతుంటే నెల్లూరువాళ్లకు ముందు గుర్తొచ్చేది మలై కాజా. రుచికి తిరుగులేదు. కానీ జర్మనీ, ఫ్రాన్స్ లాంటి యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి మన దగ్గర్నుంచి కాజాలోని మలై లాంటి పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. కస్టమ్స్‌లో పట్టుకుంటే తీసేసుకుంటారు. పైగా మూత వదులైతే పాకం కారి బట్టలన్నీ జిగురు. చెన్నై, బెంగళూరు స్నేహితులకైతే కాజానే.

నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు అలా కాదు. ఆ ఊరి ప్రత్యేకత అని చాటే భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న చేతిపని. పిడి మీద చెక్కిన నగిషీ వేలికి తగులుతుంది. అరడజను సర్దినా బరువు తెలియదు. కొనేటప్పుడు వెలుతుర్లో తిప్పి చూడండి: బెరడు, పురుగు రంధ్రం, సన్న పగులు ఏదీ ఉండకూడదు. ఆస్ట్రేలియా వెళ్తుంటే చెక్క వస్తువులున్నాయని అక్కడ దిగేటప్పుడు నింపే ప్రయాణికుల కార్డులో తప్పక రాయాలి, దాస్తే జరిమానా పడొచ్చు. డిష్‌వాషర్‌లో వేస్తే వేడికి, తడికి చెక్క ఉబ్బి పగులుతుందని ఇచ్చేటప్పుడే చెప్పండి. చేత్తో కడిగి, ఆరనిచ్చి, నెలకోసారి నూనె రాస్తే చాలు.

మా ఓటు గరిటెలకే. ఆ ఇంటావిడ రోజూ వంటింట్లో పట్టుకునే వస్తువు అది. చేసినవాళ్ల పేరు, ఊరి పేరు చిన్న చీటీ మీద రాసి దారంతో పిడికి కట్టండి.