తిరిగే నక్షత్ర పటం: చక్రం మంచిదే, ఆకాశమే నాది కాదు

ఐదుకి రెండున్నర ఇస్తున్నా. తయారీకి వంక పెట్టలేను. మందపాటి ప్లాస్టిక్, రాత్రంతా మంచుకు తడిసినా అక్షరం చెదరలేదు. రెండు బిళ్లల్నీ కలిపే రివెట్ సరిగ్గా ధ్రువ నక్షత్రం దగ్గర పడింది. తేదీకి ఎదురుగా గంట వచ్చేలా పై బిళ్ల తిప్పితే, ఆ వేళకి కనబడాల్సిన చుక్కలు గుడ్డు ఆకారపు కిటికీలో తేలతాయి.

నవంబరు మధ్యలో, రాత్రి ఎనిమిదింటికి తిప్పి చూశా. ఉత్తరాన కిందుగా సప్తర్షులు ఉన్నారంది. మేడ మీద అరగంట నిలబడ్డా, ఏడుగురిలో ఒక్కడూ లేడు. చెట్లు అడ్డమేమో అనుకున్నా. చివరికి ధ్రువ నక్షత్రాన్ని పిడికిలితో కొలిచా. చెయ్యి బారచాపితే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి రెండు పిడికిళ్లు కూడా లేదు. చక్రం మీద నాలుగుంది! వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో '40 డిగ్రీల ఉత్తర అక్షాంశం' అని ఉంది. నేనుండేది 17 దగ్గర. పెట్టె మీద మాత్రం 'ఎక్కడైనా వాడుకోవచ్చు'.

ఎలా వాడుకుంటాం? ఉత్తరార్ధగోళంలో ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున కనిపిస్తే మన అక్షాంశం ఇంచుమించు అంత. దక్షిణానికి 111 కిలోమీటర్లు వెళ్తే అది ఒక డిగ్రీ దిగుతుంది, అటువైపు ఆకాశం ఒక డిగ్రీ పైకొస్తుంది. తూర్పు పడమరలకి ఎంత జరిగినా ఈ తేడా రాదు. అవే చుక్కలు, వేళ మారుతుందంతే.

సప్తర్షులు దొరకనందుకు కాదు నా బాధ, అగస్త్యుణ్ణి మింగేసినందుకు. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అంత కాంతి ఉన్న నక్షత్రం ఇదే. ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిదింటికి సిరియస్ నుంచి మూడున్నర పిడికిళ్లు కిందికి దిగితే, దక్షిణ దిగంతానికి రెండు పిడికిళ్ల పైన నిలకడగా వెలుగుతోంది. సుమారు 37 డిగ్రీలు దాటి ఉత్తరాన ఉన్నవాళ్లకి అది ఉదయించదు, అందుకని ఈ చక్రం మీద అచ్చే వెయ్యలేదు. లేని చుక్కని ఎంత తిప్పితే మాత్రం వస్తుంది?

కొనేవాళ్లు ముందు వెనకవైపు అక్షాంశం చూసుకోండి. మీది పది డిగ్రీలు అటో ఇటో అయితే వద్దు.

నా చక్రాన్ని 40 దగ్గరుండే మేనకోడలికి పంపేశా. "సప్తర్షులు చెప్పిన చోటే ఉన్నారు మావయ్యా" అని ఫోన్ చేసింది. అగస్త్యుడి సంగతి ఎత్తితే, "ఆయనెవరు?" అంది.